నాలుగో బోరు, నా బూట్లు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. ఇప్పుడు నలభైకి చేరువయ్యాక తెలియనివి రోజుకు రెండు చొప్పున బయటపడుతున్నాయి కానీ, ఇరవై రెండేళ్ల వయసులో, చేతిలో కొత్త ఐటీఐ సర్టిఫికెట్టుతో, మెదక్ మొత్తంలో నాకంటే తెలివైనవాడు ఉన్నాడని ఎవరైనా అంటే పాపం అని వాళ్ల మీద జాలిపడేవాణ్ణి. అలాంటి వాణ్ణి పిలిచి పనిచ్చిన పుణ్యాత్ముడు పానా కాక. అసలు పేరు వేరే ఉంది గానీ, జేబులో ఎప్పుడూ ఒక పానా ఉండేది కాబట్టి ఊరంతా అలాగే పిలిచేది. (పెళ్లిళ్లకు వెళ్లినా ఉండేది. ఒకసారి పప్పన్నం కలుపుకుంటూ పక్క కుర్చీ ఊగుతోందని గమనించి, ఎడమచేత్తో బోల్టు బిగించి మళ్లీ అన్నం మీద పడ్డాడు.) చౌరస్తాకు కాస్త అవతల కాక దుకాణం. మోటార్లు, డ్రిల్లింగ్ మిషన్లు, కాంక్రీటు కలిపే మిల్లర్లు కిరాయికి ఇచ్చేవాడు. ఆ దుకాణంలోకి ఒకనాడు హైదరాబాదు నుంచి సెకండ్ హ్యాండులో ఒక మెటల్ డిటెక్టర్ వచ్చింది. పొడుగాటి కడ్డీ, కింద పళ్లెమంత చక్రం, పైన చిన్న డబ్బా. మట్టిలో కప్పబడిపోయిన పైపులు, వాల్వు మూతలు వెతకడానికి అని కాక కొన్నాడు. వారం తిరగకుండా గుప్తనిధుల బాపతు మనుషులు ఇద్దరు వచ్చి గుసగుసగా బేరమాడితే, "గసోంటి పనులకు నా మిషన్ రాదు, నడువుండ్రి" అని పానా తీసి చూపించాడు.

దుకాణం వెనక ఖాళీ జాగాలో ఒక బోల్టు పాతిపెట్టి నాకు శిక్షణ ఇచ్చాడు కాక. "తూర్పు పడమర ఊపు. మస్తు మోగిన కాడ ఒక గీత గియ్యి. మల్ల ఉత్తరం దక్షిణం ఊపు. మోగిన కాడ ఇంకో గీత. రెండు గీతలు కలిసిన కాడ తవ్వు. గంతే" అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "గీతల కంటె ముందుగాల ఇంకోటుంది. అడుగు. ఏం కప్పడ్డది, దేంతోటి చేసింది, ఎంత లోతు, అన్నీ మంచిగ అడిగినంకనే మిషన్ ఆన్ చెయ్యి" అన్నాడు. తల ఊపాను. ఊపాను గానీ నా చూపంతా నా కాళ్ల మీదే ఉంది. మొదటి జీతంతో అంతకు ముందు రోజే సేఫ్టీ బూట్లు కొన్నాను మరి! ముందు భాగంలో ఇనుప తొడుగు ఉన్నవి. కాలి మీద రోడ్డు రోలరు ఎక్కినా గోరు కూడా కందదని దుకాణంవాడు చెప్పాడు. మెదక్ ఎండల్లో వాటిలో నా పాదాలు జొన్నగుడాల్లా ఉడికేవి, అయినా పడుకునేటప్పుడు తప్ప విప్పేవాణ్ణి కాదు.

యాసంగి వరి పొట్ట దశకు వచ్చిన రోజుల్లో ఒక పొద్దున్న ఏడు బోర్ల పటేలు దుకాణానికి వచ్చాడు. పట్టణం అంచునే ఆయన పొలం, దాని పక్కనే ఇల్లు. ఏడు బోర్లు వేస్తే ఆరు ఎండిపోయి ఏడోదాంట్లో నీళ్లు పడ్డాయి, అందుకని ఆ పేరు. (ఆయన ముందే పిలిచేవాళ్లు, ఆయనా పలికేవాడు.) ఇప్పుడు ఆ ఏడోది కూడా లోపల మట్టి కూలి, మోటారు ఇరుక్కుని, పైకీ రాక కిందకీ పోక నిలిచిపోయింది. రెండెకరాల వరి. నాలుగు రోజుల్లో తడి అందకపోతే పొట్టలోనే గింజ తాలు అయిపోతుంది. ఇంకో బోరు వేసే తాహతు లేదు. అయితే ఆ ఏడు వానలు దండిగా పడి చెరువులు అలుగు పారాయి, చుట్టుపక్కల ఎండిన పాత బోర్లలో కూడా నీళ్లు ఊరుతున్నాయి. పటేలుకు తన నాలుగో బోరు గుర్తొచ్చింది. వేసిన కొత్తలో దాంట్లో కాస్త తేమ కనబడిందట. కోపంతో, దున్నడానికి అడ్డమని, మూతిని మోకాలి లోతుకు కోసి మట్టి కప్పేశారు. తొమ్మిదేళ్లయింది. శంకరంపేట నుంచి బోర్లు కడిగే ఫ్లషింగ్ లారీ మర్నాడు పొద్దున్నే వస్తుంది, ఒక గంట ఆగుతుంది, బోరు చూపిస్తే కడుగుతుంది, లేకపోతే రేగోడ్ వైపు వెళ్లిపోయి పది రోజులదాకా తిరిగి రాదు. "బోరు ఏడున్నదో జర దొర్కవట్టి ఇయ్యి తమ్మీ. నా వరి నీ చేతులున్నది" అన్నాడు పటేలు. చేతులు కట్టుకుని, "గంట పని పటేలా" అన్నాను.

చెలకలోకి అడుగు పెట్టేసరికి నన్ను చూడ్డానికి ఇంటిల్లిపాదీ గట్టు మీద ఉన్నారు. ఇంటిల్లిపాది అంటే పటేలు తల్లి అవ్వ, పటేలు భార్య, అంతే. వాళ్ల అమ్మాయి బడికి పోయింది. పటేలు భార్యను నేను చిన్నమ్మా అని పిలిచాను. ఆమె తలకొంగు సర్దుకుని నవ్వి ఊరుకుంది. మాటలన్నీ అవ్వవే. మిషన్‌ను కింది నుంచి పైదాకా చూసి, "ఏం బిడ్డా, ఇది పోయిన రొట్టెల పెంకను గూడ దొర్కవడ్తదా?" అంది. పటేలు నుదురు కొట్టుకున్నాడు. "షురువాయె! అమ్మా, బోరు సంగతి చూడనియ్యే" అన్నాడు. అవ్వ ఆగలేదు. "తల్లిగారింటి కెళ్లి తెచ్చుకున్న పెంక బిడ్డా. గంత మందం ఇనుము ఇప్పుడు యాడ దొర్కుతది? జొన్నరొట్టె ఏస్తె పొంగుకుంట లేచేది. ఒక చెవి ఊడితే కమ్మరాయన ఇత్తడి మేకు కొట్టిచ్చిండు. తొమ్మిదేండ్ల కింద మాయమాయె. దానికేమన్న కాళ్లొచ్చినయా? కాళ్లున్నోళ్లే కొంచవోయిండ్రు" అని రేగోడ్ దిక్కు చూసింది. చిన్నమ్మ పుట్టిల్లు అటే. చిన్నమ్మ నేల చూపులు చూసింది. నేను గొంతు సవరించుకుని, "అవ్వా, ఇది వంటింటి సామాన్లకు పనిచెయ్యది. పెద్ద మిషన్" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ముందు జాగా ఎక్కడో తేల్చుకోవాలి కదా. పటేలుకు గుర్తు ఉంది. "బోరు కాడ నిలవడి చూస్తే చర్చి శిఖరం సక్కగ తుమ్మచెట్టు నెత్తి మీద కనవడ్తుండె" అన్నాడు. దూరంగా ఎండలో చర్చి శిఖరం ఎప్పటిలాగే నిలబడి ఉంది. తుమ్మచెట్టేది పటేలా అంటే, కొట్టేసి ఆరేళ్లయిందన్నాడు. అవ్వ దగ్గర వేరే లెక్క ఉంది. "కరెంటు స్తంభం సంది నలభై అడుగులు. నేనే నడిచి చూసిన" అంది. సరే అని ఆమెను నడిపిస్తే నలభై అడుగులకు పక్కనే ఉన్న రేగుకంప దాకా కూడా రాలేదు. "గప్పుడు మోకాళ్ల నొప్పులు లేకుండె బిడ్డా, అడుగులు పెద్దగుండె" అని తనే తేల్చింది. ఇద్దరి గుర్తులనూ కలిపి, చెలక నడుమ ఒక గుంటెడు జాగా అనుకుని మిషన్ ఆన్ చేశాను. అది ఒకటే మోత! పటేలు మొహం వెలిగింది. అడుగు పక్కకు వేశాను, అక్కడా మోగింది. ఇటు వేశాను, ఇక్కడా మోగింది. మోగిన చోటల్లా గీతలు గీస్తూ పోతే చెలక మొత్తం తొక్కుడుబిళ్ల ఆటస్థలంలా తయారైంది. పటేలు మూడు చోట్ల తవ్వాడు. మొదటి చోట రాయి. రెండో చోట రాయి. మూడో చోట ఏమీ లేదు. నేను డబ్బా మీద తట్టి, "భూమిల ఇనుప రజను ఎక్కువున్నది" అన్నాను. ఇదంతా గట్టు మీద కూర్చుని చూస్తున్న అవ్వ తీరిగ్గా, "బిడ్డా, నీ బూట్లే అరుస్తున్నయి గదా" అంది.

అంతే. అడుగు వేసినప్పుడల్లా చక్రం పక్కన నా ఇనుప తొడుగుల బూటు! పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. బూట్లు విప్పి వేపచెట్టు కింద పెట్టి, ఉత్తకాళ్లతో మొదలుపెట్టాను. ఇప్పుడు మిషన్ బుద్ధిగా ఊరుకుంది. మధ్యాహ్నం దాకా ఊపాను. ఒక నాగలి కర్రు ముక్క, రెండు సీసా మూతలు, ఒక గుర్రపునాడా దొరికాయి. బోరు దొరకలేదు. చెమట తుడుచుకుంటూ, ఊరికే మాటవరసకు, "ఇనుప కేసింగు పైపు గద పటేలా, ఎంత లోతున్నా మోగాలె" అన్నాను. పటేలు పార ఆపాడు. "ఇనుముది యాడిది తమ్మీ? ప్లాస్టిక్ పైపు" అన్నాడు. దుకాణం వెనక నా భుజం మీద పడ్డ కాక చెయ్యి మళ్లీ పడ్డట్టయింది. అడుగు, అన్నాడు కదా. దేంతో చేసిందో అడుగు అన్నాడు కదా. పొద్దున్నే ఆ ఒక్క మాట అడిగి ఉంటే ఆ మనిషికి ఒక పూట మిగిలేది, పలుగూ పారా పట్టి వరసగా తవ్వుకునేవాడు. ప్లాస్టిక్‌కు మిషన్ మోగదని చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. పక్కన పచ్చగా నిలబడ్డ వరి వైపు కాసేపు చూసి, "మంచిది తమ్మీ. నువ్వు మాత్రం ఏం జేస్తవు. నా రాతనే అట్లున్నది" అన్నాడు. తిట్టినా బాగుండేది. మిషన్ కడ్డీ విప్పుతుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. (చెమట అని చెప్పుకున్నాను. ఇప్పుడు దాచడం ఎందుకు, ఏడుపే.)

పటేలు కూలీల కోసం ఊళ్లోకి పోయాడు. నేను వేపచెట్టు కింద బూట్ల పక్కన కూర్చున్నాను. చిన్నమ్మ చెంబుతో మంచినీళ్లు తెచ్చింది. ఇచ్చి వెళ్లిపోలేదు. అవ్వ గట్టు మీద కునుకు తీస్తోందో లేదో రెండుసార్లు చూసి, మెల్లగా అడిగింది, "కొడుకా, బోరు మీద ఏమన్న ఇనుము మూత ఉంటె మోగుతదా?" అని. మోగుతుంది చిన్నమ్మా, మూత పెట్టారా అంటే, లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, మళ్లీ నిలువుగా ఊపింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. "గా దినం మా పటేలు పైపు కోసి, రేపు మట్టి పోస్త అని కోపంల ఎల్లిపోయిండు. మూతి తెర్సుకోని ఉన్నది. మా పొల్లకు అప్పుడు మూడేండ్లు, కాలు నిలవది. నాకు పానం ఆగలే. ఇంట్లకు ఉరికి, చేతికి ఏది దొర్కితె అది తెచ్చి బోరు మూతి మీద బోర్లిచ్చి, మీద రాయి పెట్టి మట్టి ఎగదోసిన. తెల్లారి ఆయనొచ్చి, కూలీలు కప్పిండ్రనుకోని ఇంత మట్టి పోసిండు." ఏం తెచ్చావు చిన్నమ్మా అని అడగాల్సిన పని లేకపోయింది. ఆమె గట్టు వైపు చూసిన చూపే చెప్పింది. "తెల్లారంగ అవ్వ పెంక కోసం ఇల్లు పీకి పందిరేసింది. భయపడ్డ. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంట తొమ్మిదేండ్లాయె. వరి పోతదంటె ఇగ ఆగలేకపోయిన. నీకు దండం పెడ్త, అవ్వకు తెల్వనియ్యకు" అంది.

ఒట్టు వేశాను. లేచి మిషన్ బిగించాను. చిన్నమ్మ వేలితో చూపించిన దిక్కున చక్రాన్ని నేలకు ఆనించీ ఆనించకుండా నడిపాను. సీసా మూతకూ కర్రుకూ చురుక్కుమని మోగిన మిషన్, రేగుకంపకు నాలుగు బారల అవతల, పొద్దున నేను వదిలేసిన జాగాలో, వెడల్పుగా, నిదానంగా మోగింది. తూర్పు పడమర ఊపాను. గీత గీయడానికి పుల్ల వెతుకుతుంటే చిన్నమ్మ ఇంట్లోంచి ముగ్గు గిన్నె తెచ్చి, నేను చెప్పిన చోట సన్నగా గీత పోసింది. ఉత్తరం దక్షిణం ఊపాను. రెండో గీత పోసింది. ఆ గీతలు ఎంత తిన్నగా వచ్చాయంటే, కాక చూసి ఉంటే నా ఉద్యోగం ఆమెకు ఇచ్చేవాడు. రెండూ కలిసిన చోట పార వేశాను. మోకాలి లోతులో రాయి తగిలింది. రాయి తీస్తే కింద నల్లగా, తుప్పుతో, బోర్లా పడి ఉన్న పెంక! పట్టి ఎత్తబోయి, తల తిప్పి చూద్దును కదా, గట్టు మీద అవ్వ లేదు. నా వెనకే ఉంది.

ఏం చేయాలో తోచక గుంటలో పెంక మీద కూర్చుండిపోయాను. పైన తువ్వాలు పరిచాను. "అవ్వా, జర దూరం జరుగు. మిషన్ల కెళ్లి కిరణాలొస్తయి, పెద్దోళ్లకు మంచిది కాదు" అన్నాను. "నా ఏండ్లకు ఇంక కిరణాలేం జేస్తయిరా, లే" అంది అవ్వ. బోరు మూత ఇరుక్కుంది, పటేలు వచ్చాక తీస్తానన్నాను. అంతసేపూ గుంట గట్టున పడి ఉన్న మిషన్ కుయ్యోమని అరుస్తూనే ఉంది. ఆ కంగారులో ఆపడం మరిచిపోయాను. అవ్వ మిషన్‌ను చూసింది. వేపచెట్టు వైపు చూసింది. "బిడ్డా, నీ బూట్లు గాడనే ఉన్నయి. మరి ఇప్పుడు ఏం జూసి అరుస్తున్నది?" అంది. లేచి, తువ్వాలు తీసి, పెంకను ఎత్తి పైన పెట్టాను. అవ్వ వంగి, మట్టి తుడిచి, చెవి దగ్గర వేలు పెట్టి తడిమింది. పచ్చబడ్డ ఇత్తడి మేకు. చిన్నమ్మ ముగ్గు గిన్నె కింద పెట్టి దగ్గరికి వచ్చింది. "నేనే పెట్టిన అత్తా. పొల్ల పడ్తదని" అంది.

అవ్వ గుంటలోకి చూసింది. పెంక తీసిన చోట ప్లాస్టిక్ పైపు మూతి, నల్లగా, అడుగు కనబడకుండా నోరు తెరుచుకుని ఉంది. మూడేళ్ల పిల్ల నడుము ఎంతుంటుందో అంత. అవ్వ చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత కోడలి వైపు తిరిగి, "తొమ్మిదేండ్ల సంది నేను తిట్టని తిట్టు లేదు. నీ తల్లిగారోళ్లను గూడ అనగూడని మాటలంటి. ఒక్కనాడన్న నోరిప్పకపోతివి గదనే" అంది. చిన్నమ్మ ఏడుస్తూనే, "చెప్తె నువ్వు గప్పుడే తవ్వి తీసుకుంటుంటివి అత్తా" అంది. అవ్వ ఒక్క క్షణం ఆలోచించింది. "తీసుకుంటుంటి. గది నిజమే" అంది. ముందు నవ్వింది ఎవరో నాకు గుర్తు లేదు గానీ, పటేలు కూలీలను వెంటబెట్టుకుని వచ్చేసరికి అత్తా కోడళ్లు ఒకరి కొంగుతో ఒకరు కళ్లు తుడుచుకుంటూ, బోరు గుంట పక్కన నేను ఉత్తకాళ్లతో కూర్చుని, ముగ్గురం పిచ్చివాళ్లలా నవ్వుతున్నాం. ఆ పూట అవ్వ రేగోడ్‌కు ఫోన్ కలపమంది. వియ్యపురాలితో ఏం మాట్లాడిందో వినలేదు, పక్కకు జరిగాను.

మర్నాడు లారీ వచ్చింది. కడుగుతుంటే ముందు బురద, తర్వాత ఎర్రనీళ్లు, ఆ తర్వాత తేట నీళ్లు ఎగిశాయి. ఇంచున్నరకు పైగా ధార పోశాయి. కాక దుకాణంలోని కిరాయి మోటారు దించి, మడి తర్వాత మడికి వంతులు పెట్టుకుంటే రెండెకరాలకు సరిపోతాయని పటేలు ఆ నీళ్లు తల మీద చల్లుకున్నాడు. అవ్వ అవేవీ పట్టించుకోలేదు, ఇటుకపొడి, చింతపండు ముందేసుకుని రెండు రోజులు పెంక తోమింది. మూడో రోజు నన్ను పిలిపించి, దాని మీద కాల్చిన మొదటి రొట్టె నా చేతిలో పెట్టింది. నిజం చెప్పాలంటే కాస్త తుప్పు వాసన వచ్చింది. నాలుగు తిన్నాను. దుకాణంలో కాక అంతా విని, "అడిగినవా మరి?" అన్నాడు. అడగలేదు కాకా, వాళ్లే చెప్పారు అన్నాను. "గదే నీ అదృష్టం" అని పానాతో నెత్తి మీద మెల్లగా కొట్టాడు.

ఇప్పుడు నాకు సొంత దుకాణం ఉంది. అవ్వ పోయింది. కొత్త జొన్నలు వచ్చినప్పుడల్లా చిన్నమ్మ గుడ్డలో చుట్టి రొట్టెలు పంపుతుంది. ఇప్పుడు అస్సలు తుప్పు వాసన రాదు. ఇన్నేళ్లలో మిషన్లు మారాయి, ఎంత లోతులో ఏముందో అంకెలు కూడా చూపిస్తున్నాయి. అయినా ఎక్కడికి వెళ్లినా ఆన్ చేసే ముందు ఒక మాట అడుగుతాను, ఈ ఇంట్లో వంటసామాను ఏమన్నా పోయిందా అని. నవ్వుతారు. మొన్న ఒక పెద్దాయన, "గవన్ని నీకెందుకయ్యా, మిషన్ పెట్టు" అన్నాడు. తలుపు వెనక ఆయన కోడలు ఏదో చెప్పబోయి కొంగు సర్దుకోవడం నా కంట పడింది. ఇరవై రెండేళ్ల ఆ బూట్లవాడైతే ఆ మాటకు చేతులు కట్టుకుని గంట పని అనేవాడు. నేను చెప్పులు విప్పి గడప దగ్గర కూర్చుని, "తొందరేం లేదు, జర మంచినీళ్లు ఇయ్యుండ్రి" అన్నాను.